గౌతమి గట్టు మీద విమానం పాఠం

రాజమండ్రి దగ్గర మధురపూడిలో దిగే ఏటీఆర్-72 విమానం నిండా బరువు ఎక్కిస్తే దాదాపు 23 టన్నులు తూగుతుంది. అంత బరువును గాలి ఎలా మోస్తుందని ఆలమూరు పిల్లలు అడిగితే బోర్డు మీద బొమ్మ గీయకండి. జొన్నాడ దగ్గర గౌతమి గోదావరి గట్టెక్కించి, చేతికో పాత నోట్‌బుక్ అట్ట ఇవ్వండి.

గాలికి ఎదురుగా నిలబడి అట్టను బల్లపరుపుగా పట్టుకుంటే పెద్దగా ఏమీ తెలియదు. ముందు అంచు కాస్త ఎత్తితే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. అట్ట గాలిని కిందికి మళ్లిస్తోంది, గాలి అట్టను పైకి తోస్తోంది. న్యూటన్ మూడో సూత్రం అరచేతిలో తెలుస్తుంది. ఇంకా బాగా ఎత్తితే పైకి లేవడం తగ్గి, చెయ్యి వెనక్కి పోతుంది. విమానం ముక్కు మరీ పైకి లేచినా ఇంతే: రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగాల్సిన గాలి విడిపోతుంది, ఎత్తే బలం పడిపోతుంది.

చాలా పుస్తకాల్లో ఇంకో కథ ఉంటుంది. రెక్క పైన వంపు ఉంది కాబట్టి పైగాలికి దూరం ఎక్కువ, వెనక అంచు దగ్గర కింది గాలిని అందుకోవడానికి అది పరుగెడుతుందని. పైగాలి వేగంగా పోవడం, అక్కడ పీడనం తగ్గడం నిజమే. కానీ కింది గాలిని అందుకోవాలన్న నియమమే లేదు. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ హోల్గర్ బాబిన్‌స్కీ గాలిలోకి పొగ వదిలి చూపించారు: పైగాలి ముందే చేరిపోతుంది. పిల్లలకు ఈ తప్పు కథ ఇక చెప్పకూడదు.

తర్వాత కాగితం విమానం. ముక్కు ఎత్తి, ఆగి, దబ్బున పడుతోందా? ముక్కుకు జెమ్ క్లిప్ పెట్టాలి. నేరుగా ముక్కు గుచ్చుకుంటోందా? రెండు రెక్కల వెనక అంచులనూ గోరంత పైకి మడవాలి. ఎడమ అంచు ఒక్కటే పైకి మడిస్తే ఆ రెక్క వాలి విమానం ఎడమకు తిరుగుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయనివ్వండి. రైట్ సోదరులు 1901లో చిన్న గాలి సొరంగం కట్టుకుని, రకరకాల రెక్కల నమూనాలను ఇలాగే ఒక్కొక్కటిగా పరీక్షించారు. 1903 డిసెంబర్ 17న వాళ్ల విమానం మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరింది.

మాస్టార్లకు ఒక్క మనవి. విసిరే ముందే ‘ఎటు తిరుగుతుందిరా?’ అని అడగండి, జవాబు పలకమీద రాయించండి. అట్టకు గట్టు మీది గాలి కావాలి గానీ కాగితం విమానానికి గాలి కదలని బడి వరండాయే మేలు. గోదావరికి వరద ఉన్న రోజుల్లో గట్టు వైపు వెళ్లొద్దు.