చారలు అంటిస్తే ‘జడ్జ్’ అయిపోదు

‘ఛాసిస్ నంబరు 242తో మొదలైందా? వెనక స్పాయిలర్, పక్కన చారలు ఉన్నాయా? ఇంకేం చూడక్కర్లేదు, అది అసలైన జడ్జ్.’ పాంటియాక్ జీటీఓ కొనాలని బయల్దేరినవాళ్ల చెవిన ముందుగా పడే మాట ఇదే. దీన్ని నమ్మి మామూలు జీటీఓకి, దాని ఖరీదైన రకమైన జడ్జ్ ధర పోసినవాళ్లున్నారు. అంతకంటే అన్యాయం ఇంకోటి: ఈ మాట వల్లనే శుభ్రంగా ఉన్న పాంటియాక్ లేమాన్స్, టెంపెస్ట్ కార్లు నకిలీ జీటీఓలుగా మారిపోతున్నాయి. ఒకసారి రంధ్రాలు పొడిచి, రంగు మార్చి, బ్యాడ్జీలు తగిలించాక ఆ కారు అసలు చరిత్ర పోయినట్టే.

ముందు ఆ 242 సంగతి తేల్చుకుందాం. 1966 నుంచి 1971 దాకా జీటీఓ విడి మోడల్. అందుకే ఆ ఆరేళ్ల కార్ల నంబరు 242తో మొదలవుతుంది. 1964, 65 కార్లకి అది ఉండదు, 1972లోనూ ఉండదు. ఆ ఏళ్లలో జీటీఓ అంటే లేమాన్స్ మీద తీసుకునే ఆప్షన్ మాత్రమే. నంబరు చూస్తే లేమాన్స్ అనే చెబుతుంది. కాబట్టి ఈ సూత్రం రెండు వైపులా ముంచుతుంది. నకిలీ జడ్జ్‌ని నెత్తికెక్కించుకుంటాం, అసలైన 1964 కారుని ‘242 లేదుగా’ అని వదిలేస్తాం.

ఇలా ఎందుకైందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. అప్పట్లో పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో ఒక కట్టుబాటు ఉండేది: మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజిన్ పెట్టకూడదు. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్, ఆయనతో పనిచేసిన బిల్ కాలిన్స్, రస్ జీ కలిసి 389 ఇంజిన్‌ని టెంపెస్ట్‌లోకి దించారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి, ఆప్షన్‌కి అక్కర్లేదు. అందుకని టెంపెస్ట్‌లోనే మెరుగైన రకమైన లేమాన్స్ మీద సుమారు 296 డాలర్ల ఆప్షన్‌గా అమ్మారు. 5,000 పోతే చాలనుకున్నారు, మొదటి ఏడే 32,450 అమ్ముడయ్యాయి. అంటే ఈ కారు పుట్టిందే ఆర్డరు ఫారంలో ఒక గీతగా. దాని అసలుతనం ఈనాటికీ రేకులో లేదు, కాగితంలో ఉంది.

1969లో వచ్చిన జడ్జ్ కూడా అంతే. అది జీటీఓ మీద మరో ప్యాకేజీ. ఛాసిస్ నంబరు మామూలు జీటీఓదీ జడ్జ్‌దీ ఒకే తీరుగా ఉంటుంది, ఎంత తరచి చూసినా తేడా కనపడదు. ఆ ఏడాది తయారైన 72,287 జీటీఓల్లో జడ్జ్‌లు 6,833. వాటిలో కన్వర్టిబుల్స్ 108. ఇక చారలు, స్పాయిలర్, టీ ఆకారపు గేర్ పిడి, గ్లవ్‌బాక్స్ మీద బ్యాడ్జి... అన్నీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. మధ్యాహ్నం కొని సాయంత్రానికి బిగించేయొచ్చు. అవి చూసి కారు విలువ కట్టడం ఏం పద్ధతి?

ఇంజిన్ మీది అక్షరాలు కొంత సాయం చేస్తాయి, పూర్తిగా కాదు. 1969 జడ్జ్‌లో రామ్ ఎయిర్ 3 ఇంజిన్ గానీ, రామ్ ఎయిర్ 4 ఇంజిన్ గానీ ఉండాలి. బ్లాక్ ముందుభాగంలో మొదటిదైతే డబ్ల్యూఎస్ లేదా వైజెడ్, రెండోదైతే డబ్ల్యూడబ్ల్యూ లేదా ఎక్స్‌పీ అని కొట్టి ఉంటుంది. ఇవేవీ లేకపోతే ఆ ఇంజిన్ జడ్జ్‌తో వచ్చింది కాదు. ఉన్నాయి కదా అని జడ్జ్ అనుకోకండి, ఈ ఇంజిన్లు మామూలు జీటీఓల్లోనూ దొరికేవి.

మిగతా నమ్మకాలకి ఇంత చోటు అక్కర్లేదు. జడ్జ్ అంటే నారింజ రంగేనా? కాదు, మొదట వచ్చినవి మాత్రం ఆ రంగులోనే వచ్చాయి. జీటీఓ ఫెరారీని ఓడించిందా? రెండూ ఒక ట్రాక్ మీద కలవనేలేదు. ఫెరారీతో పోల్చుతూ 1964 మార్చి సంచికలో ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక పరీక్షించిన పాంటియాక్‌లో ఉన్నది 389 కాదు, 421 ఇంజిన్ అని ఆ కారుని పంపిన జిమ్ వాంగర్స్ తర్వాత తానే చెప్పాడు.

చమురు సంక్షోభం జీటీఓని చంపిందనే మాటకి మాత్రం ఓపిక నశిస్తుంది. అరబ్ దేశాలు చమురు ఆపింది 1973 అక్టోబరులో. జీటీఓ అమ్మకాలు 1966లో 96,946, 1970లో 40,149, 1971లో 10,532, 1972లో 5,807. చమురు ఆగేనాటికే పని అయిపోయింది. కుర్రాళ్ల మీద బీమా కంపెనీలు వేసిన భారీ ప్రీమియం, కాలుష్య నియమాలు, 1971లో తగ్గించిన కంప్రెషన్ దాన్ని పడగొట్టాయి.

1972లో హార్స్‌పవర్ ఒక్కసారిగా కూలిపోయిందనేది సగం నిజం. కంప్రెషన్ తగ్గడంతో శక్తి తగ్గింది, కాదనను. కానీ కాగితం మీద కనపడే పతనంలో చాలా భాగం కొలత మారడం వల్ల వచ్చింది. 1971లో 455 హెచ్ఓ ఒక్క ఇంజిన్‌కే గ్రాస్ లెక్కలో (ఇంజిన్‌ని విడిగా కొలిస్తే) 335, నెట్ లెక్కలో (కారులో ఉన్నట్టు కొలిస్తే) 310. మరుసటి ఏడు నెట్ ఒక్కటే వేశారు: 300. ఈ అంకెలు చూసి అసలు ఇంజిన్ పీకేసి వేరేది వేయించకండి, దయచేసి.

జీటీఓ మొట్టమొదటి మజిల్ కార్ అంటారు. 1949 ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88, 1955 క్రైస్లర్ 300 ఉండగా ఆ మాట నాకు మింగుడుపడదు. అయినా ఒకటి ఒప్పుకోవాల్సిందే. మధ్యతరహా కారు, పెద్ద ఇంజిన్, కుర్రాళ్లకి అందే ధర, ఈ మూడింటినీ కలిపి వేలల్లో అమ్మి చూపించింది ఇదే. దాన్ని చూశాకే మిగతా కంపెనీలు పరుగెత్తాయి.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవైలలో మన ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చూసి మనసు పారేసుకుంటే తప్పులేదు. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కి ఛాసిస్ నంబరు పంపండి. 1961 నుంచి 1986 దాకా ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్‌ల రికార్డు వాళ్ల దగ్గరుంది. ఆ కారు ఏ ఆప్షన్లతో బయటికొచ్చిందో అందులో ఉంటుంది. అమ్మేవాడు చూపించే జిరాక్స్ చాలదు, రుసుము కట్టి మీ పేరు మీదే తెప్పించుకోండి. కాగితాల మీది నంబరో, డీలర్ చెప్పిన నంబరో కాదు, కారు మీదున్న నంబరు మీరే చదివి పంపండి. బేరం అంతా అది చేతికొచ్చాకే. అందులో లేమాన్స్ అని తేలితే లేమాన్స్ ధరకే అడగండి, కొన్నాక దాన్ని లేమాన్స్‌గానే ఉంచండి.