పెద్దలు ఉండగానే పగ్గాలు

మడికొండ పక్కనే కాజీపేట జంక్షన్. అక్కడ విజయవాడ వైపు బండెక్కితే వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. కాజీపేటలో ఫాతిమా మాత కెథడ్రల్, హనుమకొండలో 1879లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్, డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్: ఈ ప్రాంతంలో క్రైస్తవ సంఘాలకు లోతైన వేళ్లున్నాయి. అయినా ఈరోజు చాలా సంఘాల్లో పెద్దలను వేధించే ప్రశ్న ఒకటుంది. మన తర్వాత మందను కాచేదెవరు? సాధారణంగా వినిపించే జవాబు ‘పిల్లల్ని బైబిల్ కాలేజీకి పంపుదాం’ అన్నది. కాలేజీ కావాలి. కానీ నాయకుణ్ణి తయారుచేసేది ముఖ్యంగా ఇంకొకటి: పెద్దవారు బతికుండగానే, పక్కనే నిలబడి, నిజమైన బాధ్యతను చిన్నవారి చేతిలో పెట్టడం. డోర్నకల్ చరిత్ర చెప్పేది ఇదే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు ఇంట పుట్టారు. 1895 నుంచి 1909 దాకా వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. అక్కడ షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ ఆయనకు సహచరుడయ్యారు, స్నేహితుడయ్యారు. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది, తన తమిళ నేల విడిచి, తెలుగు నేర్చుకుని డోర్నకల్‌లో పరిచర్యకు దిగారు. ఆయనను బిషప్ చేయాలని మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ తలపెట్టినప్పుడు మిషనరీల్లో కొందరు ఒప్పుకోలేదు. భారతీయుడికి అంత అధికారం ఇచ్చే సమయం ఇంకా రాలేదన్నారు. వైట్‌హెడ్ వెనక్కి తగ్గలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 38. అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగింది స్నేహం. వారి త్యాగాలను కాదనలేదు, పక్కన కూర్చోబెట్టుకోమన్నారు. తర్వాతి తరాన్ని పెంచడంలో అసలు మర్మం ఆ కోరికలోనే ఉంది.

తనకు దక్కినదాన్ని అజరయ్య దాచుకోలేదు. మాల, మాదిగ పల్లెల్లో అప్పుడప్పుడే అక్షరం దిద్దుతున్నవారి మధ్య నుంచే ఉపాధ్యాయులను ఎన్నుకున్నారు. పల్లెలో పిల్లలకు చదువు చెప్పడం, ప్రార్థన నడపడం వారి పని. ఆ పనిలో నిలిచినవారిలో నుంచి గురువులు ఎదిగారు. డోర్నకల్ వేదపాఠశాలలో భర్తలతోపాటు భార్యలకూ శిక్షణ ఉండేది, ఎందుకంటే పల్లెలో పరిచర్య ఇద్దరిదీ. ఇక్కడ వరుస గమనించాలి. ముందు చిన్న బాధ్యత, దానిమీద చదువు, ఆపైన పెద్ద బాధ్యత. మనం ఈ వరుసను తిరగేశాం. ముందు పట్టా ఇచ్చి, ఆ తర్వాత మనుషులను చూపిస్తున్నాం.

అనుభవం లేనివారికి అప్పగిస్తే సంఘం చీలిపోదా, బోధ దారి తప్పదా అని పెద్దలు అడగవచ్చు. ఆ భయం న్యాయమైనదే. అయితే అనుభవం అప్పగించకుండా రాదు. పౌలు తిమోతిని ఒంటరిగా వదల్లేదు, వెంట తిప్పుకున్నాడు, ఉత్తరాలు రాశాడు, తప్పులు దిద్దాడు. తప్పు జరిగితే దిద్దే మనిషి ఉన్నప్పుడే అప్పగించడం క్షేమం. పెద్దాయన కన్నుమూశాక హఠాత్తుగా మీదపడే బాధ్యతే అసలు ప్రమాదం.

రెండో అభ్యంతరం వారసత్వానిది. పాస్టరు కొడుకు చిన్నప్పటి నుంచి పని చూశాడు కదా, అతనికే ఇస్తే తప్పేమిటని అంటారు. అజరయ్య కూడా పాస్టరు కొడుకే. కానీ తండ్రి పీఠం ఆయనకు ఆస్తిగా రాలేదు. వేరే నేలలో, వేరే భాషలో పనిచేసి నిలబడ్డాకే నమ్మకం దక్కింది. కొడుకు అన్న కారణంతో ఎవరినీ తోసేయనక్కర్లేదు, ఆ ఒక్క కారణంతో కూర్చోబెట్టనూ కూడదు. కూతుళ్ల పిలుపునూ అదే కొలతతో చూడాలి. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కు దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. తెలుగు సంఘాల్లో సండే స్కూళ్లు, స్త్రీల కూటాలు నడిపే చేతులకు నిర్ణయాల్లోనూ చోటు ఉండాలని ఆ ఘటన గుర్తుచేస్తుంది.

2020లో మడికొండలో ఐటీ కేంద్రాలు తెరుచుకున్నాయి. ఇలాంటి ఊళ్ల యువతకు లెక్కలు తెలుసు, బృందంతో పనిచేయడం తెలుసు. సంఘంలో మాత్రం వారికి దక్కేది తరచూ క్రిస్మస్ అలంకరణ, కీబోర్డు, మైకు. కానుకల లెక్కలు వారి చేతికివ్వాలి. జబ్బుపడినవారి ఇంటికి, చావు జరిగిన ఇంటికి వెంట తీసుకెళ్లాలి. కుటుంబ తగవు తీర్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోవాలి. నెలకో ఆదివారం వారిచేత వాక్యం చెప్పించి, కాపరి సంఘంతో కలిసి కూర్చుని వినాలి. పెద్దలకు దీనివల్ల గౌరవం తగ్గదు.

సంఘాల ఐక్యత కోసం అజరయ్య దశాబ్దాలపాటు శ్రమించారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ ఐక్యతకు రూపంగా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆ రోజును ఆయన చూడలేదు. పని మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది అప్పటికే ఎన్నో చేతుల్లో ఉంది. మన సంఘాల్లో ఈరోజు ఎన్ని చేతుల్లో ఉందో పెద్దలు లెక్క చూసుకోవాలి.