నవంబరు ఐసును నమ్మవచ్చా?

దసరా, దీపావళి హడావిడి ముగిసి, అర్ధ సంవత్సరం ఖాతాల పని ఒక కొలిక్కి వచ్చాక, మేం నలుగురు స్నేహితులం పది పన్నెండు రోజులు సెలవు పెట్టి హిమాలయాల వైపు వెళ్ళడం కొన్నేళ్ళుగా అలవాటు. ఒకే బ్యాచ్‌లో ప్రొబేషనరీ ఆఫీసర్లుగా చేరినవాళ్ళం, ఇప్పుడు నాలుగు జోన్లలో ఉన్నాం. మొదట్లో నడక మాత్రమే. తర్వాత గడ్డకట్టిన జలపాతాలు ఎక్కడం కూడా నేర్చుకున్నాం. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి క్వార్టర్స్‌లోనూ పెళ్ళిళ్ళలోనూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "అది ప్రమాదం కాదా?" మిత్రుడి భార్య ఒకావిడ ఫోన్ చేసి నిలదీసింది కూడా. "అన్నయ్యా, కొండలు చూసి రండి, కాదనను. ఆ ఐస్ ఎక్కడం ఎందుకు? ఈయనకు నలభై ఎనిమిది, గుర్తుందా?"

ఆమె అడిగింది న్యాయమైన మాట. ప్రమాదం లేదు అని చెబితే అబద్ధమవుతుంది. ఎక్కడ ఉంది, ఎప్పుడు ఉంది, దాన్ని ఎలా పసిగడతారు అన్నది మాత్రం చెప్పవచ్చు. ఈ వ్యాసం అందుకే.

ముందుగా ఒక మాట ఇబ్బంది తీర్చుకుందాం. తెలుగులో మనకు అన్నీ మంచే. తెల్లవారుజామున పొలం మీద కమ్మేదీ మంచే, సినిమాల్లో కాశ్మీరులో కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డా మంచే. ఇక్కడ నేను మంచు అంటే ఆకాశం నుంచి దూదిలా కురిసేది. ఐస్ అంటే నీళ్ళు ఉన్నచోటే బిగిసి అయిన గడ్డ. మేం ఎక్కేది రెండోదాన్ని. దానికి మంచు కురవనక్కర్లేదు. ఊట నీరు, చలి, నీడ ఉంటే చాలు.

ఈ మూడూ దొరికే చోటు హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ. నైరుతి రుతుపవనాల మేఘాలు దక్షిణాన ఉన్న పర్వతాలకే చాలా నీటిని వదిలేస్తాయి కాబట్టి స్పితికి వచ్చే వాన తక్కువ. అందుకే దాన్ని శీతల ఎడారి అంటారు. సెప్టెంబరు చివరికి వాయవ్య భారతం నుంచి రుతుపవనాలు వెనక్కి తగ్గుతాయి. అక్కడి నుంచి నవంబరు వరకు, పెద్ద మంచు పడేలోగా, ఆకాశం నిర్మలంగా ఉండే రోజులు ఎక్కువ. అక్టోబరులో ఏటి ఒడ్డున పోప్లార్, విల్లో చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కార్తీక పౌర్ణమి వేళకు ఆ ఆకులూ రాలిపోయి, లోయంతా మట్టి రంగులో, ఇటుకబట్టీలా కనిపిస్తుంది. మన దగ్గర ఉసిరిచెట్ల కింద వనభోజనాలు జరిగే రోజుల్లో అక్కడ చెట్టు నీడన కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోవడం మామూలే.

స్పితికి దారులు రెండు. మనాలి వైపు నుంచి కుంజుమ్ కనుమ మీదుగా వచ్చేది దగ్గర దారి. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది గాని, కుంజుమ్ మాత్రం దాదాపు 4,550 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం మొదలవగానే మంచుతో మూతబడుతుంది. రెండోది సిమ్లా నుంచి రాంపూర్, కల్పా, నాకో, తాబో మీదుగా కాజా చేరే పొడుగాటి దారి. మేం ఎప్పుడూ దీన్నే ఎంచుకుంటాం. కుంజుమ్ తెరిచి ఉన్నా సరే.

కారణం ఎత్తు. తిరుమల కొండ 850 మీటర్ల ఎత్తు. తూర్పు కనుమల్లోని పెద్ద శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. కాజా దాదాపు 3,650 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే, అంటే ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు అంత తగ్గినట్టు. శరీరం దీనికి సర్దుకుంటుంది, కానీ దాని వేగంతో అది సర్దుకుంటుంది. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా ఆగాలని పర్వత వైద్యుల సూత్రం. మనాలి నుంచి కాజాకు ఒక్క రోజులో వచ్చేవారు 2,050 మీటర్ల నుంచి నేరుగా 3,650కి వచ్చి పడుకుంటారు. మొదటి రాత్రి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి అందుకే. సిమ్లా దారిలో రాంపూర్ దాటాక కల్పాలో, తర్వాత తాబోలో ఆగి పడుకుంటూ వస్తే ఈ బాధ చాలామందికి తప్పుతుంది. రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇంట్లోవాళ్ళు తప్పక తెలుసుకోవలసింది ఒకటుంది. తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మందు వేసుకుని పడుకోకూడదు. రాత్రయినా సరే కిందికి దింపాలి. "తెల్లారాక చూద్దాం" అన్న మాట అక్కడ పనికిరాదు. డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. డాక్టరును అడిగే వాడాలి, సల్ఫా మందులు పడనివారు ముఖ్యంగా. బీపీ, షుగర్ ఉన్నవారు బయలుదేరే ముందే అడగాలి.

తాబోలో ఒక రోజు ఊరికే ఉండడం నాకు ఈ ప్రయాణంలో ఇష్టమైన భాగం. క్రీ.శ. 996లో కట్టిన మట్టిగోడల బౌద్ధ విహారం అక్కడ ఉంది. బయట నుంచి చూస్తే ధాన్యపు గాదెల్లా ఉంటాయి. లోపల, దీపపు చీకట్లో, వెయ్యేళ్ళ నాటి చిత్రాలు. మరుసటి రోజు ధన్‌కర్. ఊరు 3,900 మీటర్ల దగ్గర, కొండ అంచున వేలాడుతున్నట్టు ఉంటుంది. కింద స్పితి, పిన్ నదులు కలిసే చోటు కనిపిస్తుంది. అక్కడి నుంచి పైనున్న చెరువుకు గంటన్నర నడక. దూరం చూస్తే నవ్వొస్తుంది, కానీ ఇరవై అడుగులకోసారి ఆగక తప్పదు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాళ్ళకు కూడా. అన్నట్టు, మా సన్నాహం అలిపిరే. తిరుపతి వెళ్ళినప్పుడల్లా వీపున ఎనిమిది కిలోల సంచితో ఎక్కుతాం. మొక్కుబడి అనుకుని దారిచ్చే భక్తులున్నారు.

ఈ కాలపు నడకలో జారిపడడానికి పెద్ద కారణం మంచు కాదు. ఏటి దాటులో రాళ్ళ మీద రాత్రి కట్టిన గాజు పొరలాంటి ఐస్. తడి రాయిలాగే కనిపిస్తుంది, కాలు పెడితే జర్రుమంటుంది. పొద్దున తొమ్మిది దాకా వాగులు దాటకుండా ఉంటే సగం బెడద తీరుతుంది. చెరువు గట్టిగా గడ్డకట్టినట్టు కనబడినా దాని మీద నడవకూడదు. నవంబరులో అంచున మందంగానూ నడుమ పలచగానూ ఉంటుంది. ఫొటో కోసం పది అడుగులు లోపలికి వెళ్ళే కుర్రవాళ్ళను చూశాం, పిలిచి బయటికి రప్పించాం.

ఇక అసలు విషయం. గోడలాంటి కొండ మీద ఐస్ ఎలా ఏర్పడుతుంది? పైనుంచి జారే ఊటనీరు రాత్రి చలికి పొరగా బిగుస్తుంది. దాని మీద మరో పొర. పైఅంచు నుంచి ఊడల్లాంటివి దిగుతాయి, కింద పడే తుంపర పుట్టలా పైకి పెరుగుతుంది, కొన్ని వారాలకు రెండూ కలుస్తాయి. దక్షిణం వైపు తిరిగిన గోడకు పగలంతా ఎండ తగులుతుంది కనుక రాత్రి కట్టినది పగలు కరుగుతుంది. ఉత్తరపు గోడల మీద నిలుస్తుంది.

అయితే తొలి రోజుల్లో ఒక మోసం ఉంది. గాలి చల్లబడింది గాని రాయి ఇంకా వేసవి వేడిని పూర్తిగా వదల్లేదు. ఊట కూడా ఆగలేదు. కాబట్టి పైపొర బిగుసుకుంటుంది, దాని వెనక, రాతికి ఆనుకుని నీళ్ళు పారుతూనే ఉంటాయి. అంటే ఆ ఐస్ గోడకు అంటుకుని లేదు, పరదాలా వేలాడుతోంది. చూడడానికి నిలువెత్తు జలపాతం తెల్లగా బిగిసి, క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. మనిషి బరువు మోయగలదా అన్నది వేరే లెక్క. రంగు కొంత చెబుతుంది. నీలిఛాయ ఉంటే లోపల గాలిబుడగలు తక్కువ, గట్టిది. పాలలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. బూడిదరంగులో తడిగా మెరుస్తుంటే అనుమానించాలి. మరీ చలి ముదిరినా చిక్కే. పెళుసెక్కి, గొడ్డలి మొన తగలగానే పళ్ళేల్లా పెచ్చులు ఊడతాయి.

పనిముట్ల సంగతి క్లుప్తంగా. బూట్ల కింద క్రాంపాన్లు, అంటే ఇనుప కోరలు. ముందువైపు రెండు మొనలు ఐసులో దిగుతాయి. రెండు చేతులకూ వంకర పిడి గొడ్డళ్ళు. బరువు చేతుల మీద కాదు, కాళ్ళ మీద ఉండాలి. మొదటి రోజు అందరం చేతులతో వేలాడి, సాయంత్రానికి టీ కప్పు పట్టుకోలేకపోయాం. నడుముకు హార్నెస్, తలకు హెల్మెట్. నేర్చుకునేవారికి తాడు ఎప్పుడూ పైనుంచే ఉంటుంది. పైన గట్టి ఆధారానికి వేసిన తాడు దిగి వచ్చి ఎక్కేవాడి నడుముకు, రెండో కొస కింద నిలబడి పట్టుకునే వాడి చేతికి. కాలు జారితే అడుగో రెండడుగులో దిగి ఆగిపోతాం. కింద తాడు పట్టుకున్నవాడు ఎక్కేవాడికి సూటిగా కింద నిలబడకూడదు, పక్కకు జరగాలి. ఈ ఆటలో తగిలే దెబ్బల్లో చాలా వరకు పైనుంచి రాలే ఐస్ ముక్కల వల్లే.

కిందటి నవంబరులో మా గైడు మమ్మల్ని ఒక ఊరికి పైనున్న ఇరుకు లోయలోకి తీసుకెళ్ళాడు. స్పితి మనిషే, ముప్పై దాటి ఉంటాయి. శిక్షణ పొందినవాడు. ఎదురుగా పాతిక మీటర్ల ధార, పై నుంచి కిందిదాకా తెల్లగా బిగిసి ఉంది. మేం అప్పటికే సంచులు దించి తాళ్ళు విప్పుతున్నాం. అతను దగ్గరికి వెళ్ళి గొడ్డలి వెనక్కి తిప్పి తట్టాడు. కుండ కొనేముందు మనం వేలితో కొట్టి వింటామే, అలాగ. ఒకచోట "టక్" మంది. నాలుగడుగులు పక్కకు జరిగి తడితే ఖాళీ పీపా మీద కొట్టినట్టు "డబ్" మంది. తర్వాత ఐస్ స్క్రూ తీసి తిప్పాడు. అది బోలు గొట్టం, అరచేయి పొడవు ఉంటుంది. గట్టి ఐసులో పూర్తిగా దిగితేనే దాని మీద తాడు నమ్మకంగా వేస్తారు. నాలుగైదు తిప్పులకే ఆ గొట్టం నోట్లోంచి నీళ్ళు ధారగా వచ్చాయి.

"ఇది ఇంకా నీళ్ళే సార్, ఐస్ కాలేదు" అన్నాడు హిందీలో.

మాలో ఒకడు ఒప్పుకోలేదు. పది రోజుల సెలవు, విమానం, జీపు, అన్నీ లెక్క చెప్పాడు. తాడు పైనుంచే కదా, సగం దాకా ఎక్కి దిగితే ఏం, అన్నాడు. గైడు కోపగించుకోలేదు. తాడు మిమ్మల్ని ఆపుతుంది సార్, ఈ పరదాను ఎవరు ఆపుతారు, అని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. పరదా మొత్తం విడివడితే ఎక్కేవాడూ, కింద తాడు పట్టుకున్నవాడూ ఇద్దరూ దాని కిందే ఉంటారు.

అక్కడి నుంచి లోయ ఇంకా లోపలికి నడిపించి, ఎప్పుడూ ఎండ తగలని వాగు మలుపులో, పది మీటర్లు కూడా లేని వాలు ఐస్ చూపించాడు. తట్టి, స్క్రూ తిప్పి, పొడిగా దిగిందని చూశాకే తాడు వేశాడు. ఆ చిన్న వాలు మీద నాలుగు గంటలు ఒకరి తర్వాత ఒకరం ఎక్కి దిగాం. కాళ్ళ పని నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే. పన్నెండు దాటాక కింది నుంచి పెద్ద చప్పుడు వినబడింది. తిరిగి వస్తూ చూస్తే, పెద్ద ధార పైఅంచుకు ఎండ తగిలి, బియ్యం బస్తా అంత ముక్క ఒకటి ఊడి పడి ఉంది. పొద్దున మా సంచులు దించుకున్న చోటికి రెండు గజాల దూరంలో.

ఐసును అంత జాగ్రత్తగా గమనించడం ఆ కొండవాళ్ళకు ఆట కోసం అబ్బింది కాదు. వాళ్ళ సేద్యమే దాని మీద. పక్కనున్న లద్దాఖ్‌లో చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు శీతాకాలపు నీటిని ఊరి పైన ఐసుగా నిలిపి, విత్తనాల వేళకు కరిగి పొలాలకు చేరేలా కృత్రిమ హిమానీనదాలు కట్టించారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. సోనమ్ వాంగ్‌చుక్ అదే ఆలోచనను స్తూపం ఆకారంలోకి మార్చారు. మన భాషలో చెప్పాలంటే, వేసవి మొదట్లో మెచ్యూర్ అయ్యే డిపాజిట్.

మన కుటుంబాల్లో పిల్లలకు ఆసక్తి ఉంటే నేరుగా ఐస్ దగ్గరికి పంపవద్దు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వారి నడకలతో మొదలుపెట్టవచ్చు. భువనగిరిలో రాతి కొండ ఎక్కడం నేర్పే బడి ఉంది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు అక్కడివే. ఆ తర్వాత మనాలి, ఉత్తరకాశి, డార్జిలింగ్‌లలోని పర్వతారోహణ సంస్థల కోర్సులు. గైడును కుదుర్చుకునేటప్పుడు ధర కంటే ముందు అడగవలసింది, ఎక్కడ శిక్షణ పొందారు, కిందటిసారి ఎప్పుడు, ఎందుకు వెనక్కి వచ్చారు అని. ఆరోగ్య బీమా పాలసీలో సాహస క్రీడల మినహాయింపు ఉందేమో చదవండి. చాలా వాటిలో ఉంటుంది. కాజా దాటితే ఫోను అన్నిచోట్లా పనిచేయదు కనుక, ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. నగదు దగ్గర ఉంచుకోండి. ఈ మాట బ్యాంకు మనిషిని నేను చెప్పడం బాగోదు గాని, అక్కడి ఏటీఎంను నమ్ముకుని బయలుదేరకండి.

ఆ పాతిక మీటర్ల ధార సంక్రాంతి నాటికి బిగుస్తుందని గైడు కబురు పంపాడు. జనవరిలో సెలవు మా నలుగురిలో ఇద్దరికే మంజూరయింది.