అపార్ట్‌మెంట్ సంఘం కమిటీకి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? మెజారిటీ ఓటు ఉంటే సరిపోతుందా?

నోయిడా సెక్టార్ 93-ఏలో 2022 ఆగస్టు 28 మధ్యాహ్నం రెండు టవర్లు కొన్ని సెకన్లలోనే కుప్పకూలాయి. దాదాపు వంద మీటర్ల ఎత్తున్న సూపర్‌టెక్ జంట టవర్ల కూల్చివేతను దేశమంతా టీవీల్లో చూసింది. వాటిని కూల్చాలంటూ కోర్టుకెక్కింది పక్కనే ఉన్న ఎమరాల్డ్ కోర్ట్ నివాసితుల సంఘం.

ఆ సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టును ఆశ్రయించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కూల్చివేతకు ఆదేశించింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. భవనాల మధ్య ఉండాల్సిన కనీస దూరం పాటించలేదని తేల్చింది. కొత్త ఫ్లాట్లు చేరితే ఉమ్మడి స్థలంలో పాత యజమానులకున్న అవిభాజ్య వాటా తగ్గుతుందని, అందువల్ల ఉత్తరప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం-2010 ప్రకారం వారి సమ్మతి తీసుకోవాల్సిందేనని చెప్పింది. ఖర్చుల కింద సంఘానికి 2 కోట్ల రూపాయలు చెల్లించాలని బిల్డర్‌ను ఆదేశించింది.

నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తూ లిఫ్టు, జనరేటర్, వాచ్‌మన్ సంగతి చూసుకునే బృందంగానే చాలామంది కమిటీని చూస్తారు. కానీ అది కోట్ల విలువైన ఉమ్మడి ఆస్తికి కాపలాదారు కూడా. ఆ కాపలాదారుకు ఎంత బలముందన్నది సంఘం ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. జనరల్ బాడీలో ఎన్ని చేతులు లేచాయన్నది ఆ తర్వాతి మాట.

రాష్ట్రానికో చట్టం

భూమి, సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశాలు. అందుకే దేశమంతటికీ ఒకే అపార్ట్‌మెంట్ చట్టం లేదు. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలు 1960 నాటి సహకార సంఘాల చట్టం కింద నడుస్తాయి. వాటి కోసమే 2019లో ఆ చట్టంలో ప్రత్యేక అధ్యాయం చేర్చారు. కర్ణాటకలో 1972 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ఇక్కడి సంఘాలు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందనో నమోదవుతుంటాయి.

ఈ తేడా బకాయిల దగ్గర బయటపడుతుంది. ముంబయిలో ఒక సభ్యుడు ఏళ్ల తరబడి మెయింటెనెన్స్ కట్టకపోతే సొసైటీ సహకార శాఖ రిజిస్ట్రార్ నుంచి రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుని, భూమి శిస్తు బకాయిలా ఆ సొమ్మును వసూలు చేయించుకోవచ్చు. కర్ణాటక చట్టం ప్రకారం కట్టని ఉమ్మడి ఖర్చులు ఆ ఫ్లాటు మీదే భారంగా నిలుస్తాయి. పన్నులు, మొదటి తనఖా రుణం మినహా మిగతా అప్పులకన్నా వాటికే ముందు చోటు. 2001 నాటి సొసైటీల చట్టంలో రిజిస్ట్రార్‌కు అలాంటి వసూలు అధికారం లేదు. సభ్యుల మధ్య, లేదా కమిటీలో వివాదం వస్తే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలి, లేదంటే జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి.

బిల్డర్‌తో పోరు: ఏ తలుపు తట్టాలి?

బెంగళూరులోని శోభా హైబిస్కస్ అపార్ట్‌మెంట్ల సంఘం బిల్డర్‌పై జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఫిర్యాదు చెల్లదని 2020 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదు చేయగలిగేది స్వచ్ఛంద వినియోగదారుల సంఘం. కర్ణాటక చట్టం కింద ఏర్పడ్డ అపార్ట్‌మెంట్ సంఘం, చట్టం తప్పనిసరి చేయడం వల్ల పుట్టింది కాబట్టి స్వచ్ఛంద సంఘం కాదన్నది కోర్టు తర్కం. అంటే ఏ చట్టం ఆ సంఘానికి ప్రాణం పోసిందో, అదే ఆ ఫోరంలో దానికి అడ్డుగోడ అయింది. ఫ్లాటు కొన్నవారు వ్యక్తులుగా ఫిర్యాదు చేసుకునే హక్కు మాత్రం అలాగే ఉంది.

2016 నాటి రెరా చట్టం ఇంకో తలుపు తెరిచింది. కొనుగోలుదారుల సంఘం కూడా ఫిర్యాదు చేయవచ్చని ఆ చట్టం 31వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

రెరా కొన్ని గడువులు కూడా పెట్టింది. స్థానిక చట్టంలో వేరే నిబంధన లేకుంటే, ప్రాజెక్టులో మెజారిటీ ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పడాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లోగా ఉమ్మడి స్థలాల హక్కును బిల్డర్ సంఘం పేరిట రాసివ్వాలి. ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపాలు బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.

ఈ ఐదేళ్లు కరిగిపోవడానికి పెద్దగా సమయం పట్టదు. తొలి కమిటీ బిల్డర్‌తో మొహమాటపడుతుంది. రెండో కమిటీ లెక్కలు చూసుకునేసరికి పదవీకాలం అయిపోతుంది. సెల్లార్‌లో నీరు ఊరుతోందని మూడో కమిటీ లేఖ రాసే నాటికి గడువు దాటిపోయి ఉండొచ్చు. అందుకే లోపాల జాబితాను ఫోటోలు, తేదీలతో సహా మొదటి ఏడాదే లిఖితపూర్వకంగా పంపడం కమిటీ చేయాల్సిన ముఖ్యమైన పని.

సభ్యులపై ఆంక్షలు ఎంతవరకు?

బైలాలు సభ్యుల మధ్య ఒప్పందం లాంటివి. వాటి బలం చిన్నదేమీ కాదు. అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తమ మతస్థులకే సభ్యత్వం అని పెట్టుకున్న నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పుపై విమర్శలున్నా, ఒకసారి సంతకం పెట్టి చేరాక బైలాకు కట్టుబడాలన్న సూత్రం అందులో గట్టిగా వినిపించింది.

అయితే చట్టం గీసిన గీతను బైలా దాటలేదు. ఇల్లు అద్దెకిచ్చిన యజమానుల నుంచి తోచినంత వసూలు చేస్తామంటే మహారాష్ట్రలో కుదరదు. సర్వీస్ చార్జీల్లో 10 శాతానికి మించి తీసుకోకూడదని అక్కడి ప్రభుత్వం 2001లోనే పరిమితి పెట్టింది. మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నా పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. కరెంటు కనీస అవసరమని, మనిషిని దాని నుంచి దూరం చేయరాదని 2022లో ఒక యజమాని-కిరాయిదారు కేసులో సుప్రీంకోర్టు అంది. బకాయి ఉన్నవారికి నీళ్లో, కరెంటో ఆపేయాలని తీర్మానించే ముందు కమిటీలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. బకాయి న్యాయమైనదే అయినా, వసూలు చేసే దారి తప్పయితే కోర్టులో దోషిగా నిలబడేది కమిటీయే.

లెక్కలు అడిగే హక్కు

సభ్యుడు కమిటీని ప్రశ్నించాలంటే సమాచార హక్కు చట్టం నేరుగా పనికిరాకపోవచ్చు. ప్రభుత్వ యాజమాన్యం, నియంత్రణ, గణనీయమైన నిధులు లేని సహకార సంఘాలు ఆ చట్టం పరిధిలోకి రావని కేరళ నుంచి వచ్చిన తలప్పాలం కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు ఒక కిటికీ తెరిచి ఉంచింది. సహకార రిజిస్ట్రార్ ప్రభుత్వాధికారి కాబట్టి, చట్టప్రకారం సంఘం నుంచి ఆయన తెప్పించుకోగల సమాచారాన్ని దరఖాస్తు చేసినవారికి ఇవ్వాలి. మిగతాదంతా బైలాల్లో ఉండాల్సిందే. ఆడిట్ ఎప్పుడు, కార్పస్ ఫండ్ ఏ ఖాతాలో, ఎవరెవరి సంతకాలతో, ఎంత ఖర్చు దాటితే జనరల్ బాడీ అనుమతి కావాలి అన్నవి రాసిపెట్టుకోని సంఘాల్లో గొడవలు వాట్సాప్ గ్రూపులో మొదలై పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంటాయి.

ఫ్లాటు కొనేటప్పుడు క్లబ్‌హౌస్, పార్కింగ్ చూసేవారు ఎక్కువ. సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాల ప్రతి, ఉమ్మడి స్థలం సంఘం పేరిట మారినట్టు చూపే దస్తావేజు అడిగేవారు తక్కువ. ఖాళీగా కనిపించే పచ్చటి జాగాలో రేపు ఇంకో టవర్ లేస్తే, దాన్ని ఆపే దారి మొదలయ్యేది ఆ మూడు కాగితాల నుంచే.