ఏ ఫైలుకు నకలు తీయాలి?

రేపు పొద్దున మీ ఇంట్లోని కంప్యూటరు మీట నొక్కారు. తెర వెలగలేదు. బాగుచేసే అతను వచ్చి, పెట్టె విప్పి చూసి, "డిస్కు పోయింది. కొత్తది వేస్తాను గానీ, పాతదానిలో ఉన్నవి మాత్రం రావు" అన్నాడనుకోండి. అప్పుడు మీకు మొట్టమొదట గుర్తుకు వచ్చేది ఏది? ఆటలా? సినిమాలా? లేక అమ్మమ్మ పాడుతుండగా రికార్డు చేసిన పాటా?

ఈ ప్రశ్నకు జవాబు డిస్కు పోయిన తర్వాత కాదు, పోకముందే ఆలోచించుకోవాలి. ముఖ్యమైన ఫైళ్లకు వేరొక చోట నకలు ఉంచుకోవడాన్నే 'బ్యాకప్' అంటారు. మరి ఏవి ముఖ్యమైనవి?

డిస్కు ఎందుకు పాడవుతుంది?

హార్డు డిస్కులో అయస్కాంత పూత పూసిన గుండ్రటి పళ్లేలు ఉంటాయి. ఇవి సాధారణంగా నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతాయి. వాటిపైన చదివే, రాసే 'హెడ్' తేలుతూ ఉంటుంది. రెంటికీ మధ్య ఖాళీ కొద్ది నానోమీటర్లే. మన తల వెంట్రుక మందంలో అది వెయ్యోవంతు కూడా ఉండదు! తిరుగుతున్నప్పుడు గట్టి కుదుపు తగిలితే హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది. అంతటితో అక్కడ ఉన్న సమాచారం పోయినట్లే.

ఇప్పటి చాలా కంప్యూటర్లలో తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి.లు ఉంటున్నాయి. వాటిలో సమాచారం విద్యుదావేశం రూపంలో అతి చిన్న గదుల్లో నిలిచి ఉంటుంది. ఆ గదులు అరిగిపోవచ్చు. చాలా కాలం విద్యుత్తు అందకపోతే ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. వీటికి తోడు పిడుగులు, దొంగతనాలు, వైరస్‌లు, మన చెయ్యి పొరపాట్లు ఉండనే ఉన్నాయి.

అన్నిటికీ తీస్తే పోలేదా?

తీయవచ్చు. కాని అంత చోటు, అంత సమయం, అంత ఓపిక అందరికీ ఉండవు. పని పెద్దదైతే రేపు చూద్దాం అనుకుంటాం. ఆ రేపు రాదు. అందుకని ఒక్కొక్క ఫైలు విషయంలో మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: పోతే మళ్లీ దొరుకుతుందా?

విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ, ఆటలు, ప్రోగ్రాములు, దించుకున్న సినిమాలు, పాఠ్యపుస్తకాలు మళ్లీ తెచ్చుకోవచ్చు. డబ్బిచ్చి కొన్న ప్రోగ్రాము అయితే దాని తాళపు సంఖ్యను కాగితం మీద రాసి ఉంచుకుంటే చాలు.

మీరు టైపు చేసుకున్న నోట్సు, నాన్నగారి లెక్కల పట్టిక పోతే మళ్లీ తయారు చేయవచ్చు గాని, ఎన్నో రోజుల శ్రమ. వీటికి నకలు కావాలి.

ఇక మూడో రకం ఉంది. మీరు తీసిన ఫొటోలు, రాసిన కథలు, పెద్దవాళ్ల గొంతులు. ఇవి ప్రపంచంలో మరెక్కడా లేవు. పోతే ఎంత డబ్బు పోసినా రావు. వీటికి ఒకటి కాదు, రెండు నకళ్లు ఉండాలి.

మన పూర్వులకూ ఈ సంగతి తెలుసు. తాటాకు పురుగు పట్టి, చివికి పోతుంది. అందుకే లేఖకులు పాత తాళపత్రాలను చూసి కొత్త ఆకుల మీద మళ్లీ రాసేవారు. 19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఎన్నో తెలుగు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఎవరూ నకలు రాయని గ్రంథాలు ఆకులతోపాటే నశించాయి.

రెండో ప్రశ్న: ఎంత చోటు పడుతుంది?

లెక్క వేసి చూద్దాం. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. పేజీకి 1,500 గుర్తులు అనుకుంటే 4,500 బైట్లు. ఫోనుతో తీసిన ఒక ఫొటో 40 లక్షల బైట్లు ఉందనుకోండి. ఆ ఒక్క ఫొటో చోటులో సుమారు 890 పేజీల రాత ఇముడుతుంది! అటువంటి ఫొటోలు 500 కలిస్తే 2 గిగాబైట్లు, అంటే దాదాపు ఒక్క సినిమా అంత.

చూశారా? మళ్లీ దొరికే ఒక్క సినిమాను వదిలేస్తే, మళ్లీ దొరకని 500 ఫొటోలకు చోటు వచ్చింది. మీరు రాసినవాటికి చోటు లేదనే మాటే లేదు.

మూడో ప్రశ్న: ఎంత తరచుగా మారుతుంది?

పోయినేడాది పెళ్లి ఫొటోలు ఇక మారవు. ఒకసారి జాగ్రత్తగా నకలు తీస్తే చాలు. సైన్సు ప్రదర్శన కోసం మీరు రోజూ రాస్తున్న నివేదిక అలా కాదు. నెల క్రితం నకలు ఉంటే నెల శ్రమ పోతుంది. నిన్నటి నకలు ఉంటే ఒక్క రోజుదే పోతుంది. ఎన్ని రోజుల శ్రమ పోయినా ఫరవాలేదో ఆలోచించుకుంటే, ఎన్ని రోజులకొకసారి నకలు తీయాలో తెలిసిపోతుంది.

మోసపోకండి!

తెర మీద కనిపించే బొమ్మల్లో కొన్ని అసలు ఫైళ్లు కావు, వాటికి దారి చూపే గుర్తులు మాత్రమే. మూలన చిన్న బాణం ఉంటే అది అటువంటిదే. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తే చిరునామా వెళుతుంది గాని ఇల్లు వెళ్లదు!

పాత తెలుగు ఫైళ్లతో ఇంకొక చిక్కు. అను వంటి పాత ఫాంట్లతో కూర్చినవి ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. అటువంటివాటికి పీడీఎఫ్ ప్రతి కూడా తీసి ఉంచండి.

నకలు ఎక్కడ ఉంచాలి?

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన '3-2-1' సూత్రం ఉంది. అసలుతో కలిపి 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 ఇంటికి దూరంగా. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి మామయ్య ఇంట్లోనో ఇంటర్నెట్టు నిలవలోనో అన్నమాట.

పని కాగానే విడి డిస్కును ఊడదీసి పెట్టండి. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు రహస్య తాళం వేసి, డబ్బు అడిగింది. ఇటువంటి వైరస్‌లు తగిలించి ఉన్న డిస్కును కూడా వదలవు.

నకలు తెరుచుకుంటుందా?

1998లో పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' చిత్రం తయారుచేస్తుండగా, ఒక తప్పు ఆజ్ఞతో చిత్రంలోని ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగదా అని చూస్తే, అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది! పసిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సస్మన్ అనే ఉద్యోగిని కంప్యూటరులో ఒక ప్రతి ఉండటంతో గండం గడిచింది. తెరిచి చూడని నకలును నమ్మకూడదని దీనివల్ల తెలుస్తుంది.

మీరే చేసి చూడండి

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: 'మళ్లీ దొరకనివి', 'శ్రమపడితే వచ్చేవి', 'సులభంగా దొరికేవి'. ఇంట్లో అందరినీ అడిగి ఫైళ్ల పేర్లు నింపండి. అమ్మకు ముఖ్యమైనది మీకు తట్టి ఉండకపోవచ్చు. మొదటి గడిలోని వాటికి ఈ ఆదివారమే నకలు తీయండి. తీశాక వేరే కంప్యూటరులో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడటం మాత్రం మరవకండి!