ఇంటి ఖర్చుకూ ఓ పద్దు

ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు పడిందో అడిగితే ఠక్కున చెబుతారు. ఇంట్లో నెలకెంత ఖర్చవుతోందంటే మాత్రం తల గోక్కుంటారు.

పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది. కిరాణా కొట్టువాడు నెలనెలా అడుగుతాడు. ఈ మధ్యలోనే అప్పు దూరుతుంది. జూన్‌లో ఇంటి ఖర్చుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి 10 వేలు తెస్తే, 8 నెలల తర్వాత తీర్చేటప్పుడు వడ్డీయే 1,600.

నెలకింతే వాడాలని ముందే గిరి గీసుకోకండి, నిలవదు. మొదటి నెల అయిన ఖర్చు అయినట్టే రాయండి. పిల్లల పాత నోటుబుక్కు చాలు. ఉప్పు, పప్పు, గ్యాసు బండ సంగతి ఆడవాళ్లకే బాగా తెలుసు, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. టీ, బీడీ ఖర్చు మగవాళ్లు దాచకుండా చెప్పాలి. లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే!

స్కూలు ఫీజులు, పండగ బట్టలు, పెళ్లిళ్లలో చదివింపులు ఏడాదికి 24 వేలయితే నెలకు 2 వేలు కలపండి. మామూలు ఖర్చు 8 వేలయితే అసలు ఖర్చు 10 వేలన్న మాట. పిఎం కిసాన్ కింద వచ్చే 2 వేలు విత్తనాలకని రాసుకుంటే, మళ్లీ ఇంటి పద్దులో వేయకండి.

పత్తి అమ్మిన రోజే పంట అప్పు, వచ్చే పంట పెట్టుబడి తీసి పక్కన పెట్టండి. మిగిలింది 70 వేలయితే ఇంటికి 7 నెలలు వస్తుంది. మిగతా 5 నెలలకు పాల బిల్లు ఆదుకుంటుందా, కూలికి వెళ్లాలా, డ్వాక్రా సంఘంలో అడగాలా అన్నది ఆ రోజే ఇంట్లో మాట్లాడుకోండి.