మెలట్టూరులో తెలుగు రాత్రులు

వైశాఖ మాసం వస్తోందంటే మన యిళ్ళలో సందడికి లోటుండదు. ఒకవంక ఆవకాయ జాడీలు, ఒకవంక పెళ్ళి శుభలేఖలు, మరొకవంక పిల్లల పరీక్షా ఫలితాలు. వీటన్నిటి మధ్యా, "ఈ సెలవులకు ఎక్కడికి వెళదాం?" అన్న ప్రశ్న ఒకటి భోజనాల దగ్గర తప్పకుండా లేస్తుంది. పిల్లలు ఊటీ అంటారు. అమ్మమ్మ కాశీ అంటుంది. ఇంటి యజమాని జేబు తడుముకుని, "చూద్దాంలే" అంటాడు. ఈ ముగ్గురిలో ఎవరికీ తట్టని ఊరు ఒకటి చెప్పాలని నాకు చాలా కాలంగా కోరిక. ఆ ఊరి పేరు మెలట్టూరు.

తమిళనాడులో తంజావూరుకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో వున్నదీ ఊరు. కావేరీ డెల్టాలో వరిచేల మధ్య, కొబ్బరిచెట్ల నీడన వుండే చిన్న పట్టణం. పెద్ద బజారు లేదు, చూడదగ్గ కోట లేదు. వున్నదల్లా వరదరాజస్వామి కోవెల, దాని ఎదుట ఒక వీధి. ఏడాది పొడుగునా ఆ వీధి అన్ని వీధుల్లాంటిదే. కాని వైశాఖ శుద్ధ చతుర్దశినాడు, అంటే నరసింహ జయంతినాడు, ఆ వీధిలో పందిరి లేస్తుంది, రాత్రి తొమ్మిదో పదో అయ్యేసరికి దీపాలు వెలుగుతాయి, మృదంగం మోగుతుంది, తమిళం మాట్లాడే ఊళ్ళో, తమిళం మాట్లాడే జనం ఎదుట, తమిళం మాట్లాడే నటులు తెలుగులో నాటకం ఆడతారు. తెల్లవారేదాకా ఆడతారు.

దీనినే భాగవత మేళమంటారు.

తమిళనాట తెలుగు నాటకమేమిటని ఆశ్చర్యపోయేవారు కొంచెం చరిత్ర తిరగవేయాలి. 16వ శతాబ్దిలో తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగువారు. 1565లో విజయనగరం దెబ్బతిన్న తరువాత అక్కడి కవులూ, గాయకులూ, భాగవతులూ ఎందరో దక్షిణానికి వలసపోయి తంజావూరు నీడన చేరారని చెబుతారు. అచ్యుతప్ప నాయకుడు సుమారు ఐదువందల బ్రాహ్మణ కుటుంబాలకు ఇల్లూ, బావీ, పొలమూ యిచ్చి ఇక్కడ అగ్రహారం కట్టించాడని స్థానిక సంప్రదాయం. అందుకే ఆ ఊరికి అచ్యుతపురి అనీ, ఉన్నతపురి అనీ కూడా పేర్లు వున్నవి. అచ్యుతప్ప కొడుకు రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. ఆయన కుమారుడు విజయరాఘవుడు యక్షగానాలు రాసి కొలువులో ఆడించాడు. 1673లో నాయకుల పాలన పోయి, కొద్ది సంవత్సరాలకే మరాఠా రాజులు వచ్చారు. వారి ఇంటిభాష మరాఠీ, ప్రజల భాష తమిళం. అయినా కొలువులో తెలుగు పీట కదలలేదు. మరాఠా రాజైన శహాజీ తెలుగులో యక్షగానాలు రచించాడంటే ఇక చెప్పవలసింది ఏమున్నది!

ఆ గాలిలో పుట్టినవాడు మెలట్టూరు వెంకటరామశాస్త్రి. ఆయన 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో జీవించాడనీ, త్యాగరాజస్వామికి పెద్దవాడైన సమకాలికుడనీ ప్రతీతి. ఆయన రచించిన నాటకాలు సుమారు పది. ప్రహ్లాద, మార్కండేయ, హరిశ్చంద్ర, రుక్మాంగద కథలూ, ఉషా పరిణయం, సీతా కల్యాణం, రుక్మిణీ కల్యాణం మొదలైనవి వాటిలోవి. పద్యమూ, ద్విపదా, వచనమూ కలిసి, మధ్యమధ్య దరువులు అల్లుకుని సాగుతాయి. దరువంటే పాత్రకు తగిన పాట. ఆ పాటకు తగిన అడుగు. నటుడే పాడాలి, ఆడాలి, మాట్లాడాలి. మన కూచిపూడి భాగవతులకు వీరు జ్ఞాతులన్నమాట. ఒకే చెట్టుకొమ్మ కృష్ణాతీరాన ఒకటి, కావేరీతీరాన ఒకటి చిగిర్చినవి.

ఇక ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెబుతాను.

ముందుగా కోణంగి వస్తాడు. తలపై పొడుగాటి టోపీ, చిత్రమైన వేషం. గంతులు వేసి, నవ్వించి, జనాన్ని సర్దుకు కూర్చోమంటాడు. చంటిపిల్లల ఏడుపులు ఆగేది అక్కడే. తరువాత తోడయమంగళం. ఆపైన ఒక బాలుడు వినాయకుడి ముఖం తగిలించుకుని వచ్చి ఆడి, నాటకం నిర్విఘ్నంగా సాగాలని దీవించి వెళతాడు. అక్కడనుంచి కథ. ప్రతి పాత్రా తెర వెనుకనుంచి తన ప్రవేశ దరువుతో రావలసిందే. హిరణ్యకశిపుడు వచ్చేటప్పుడు ఆ అడుగుల అదటు చూసి ముందువరుస పిల్లలు అమ్మ ఒళ్ళోకి జరగడం నేను కళ్ళారా చూశాను. లీలావతి వేషం వేసేదీ పురుషుడే. సంప్రదాయం ప్రకారం స్త్రీ పాత్రలన్నీ పురుషులవే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూసినవారికి ఇందులో వింత తోచదు. కూచిపూడి నృత్యం తరువాతి కాలంలో ఆడపిల్లలకు తలుపులు తెరిచింది. ఈనాడు ఆ నృత్యాన్ని దేశదేశాల నిలబెడుతున్నది ఎక్కువగా వారే. మెలట్టూరు వేదిక మాత్రం పాత కట్టుబాటులోనే వున్నది. అది మంచిదా, మారాలా అన్నది ఆ ఊరివారు తేల్చుకోవలసిన విషయం. నా మట్టుకు నాకు, మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు ఆ ప్రశ్న మనసులో మెదలకపోలేదు.

తెల్లవారుజామున స్తంభం దగ్గరకు వస్తుంది కథ. ఇక్కడ నాటకం నాటకంగా వుండదు. నరసింహస్వామి ముఖం ఒకటి వున్నది. దాన్ని ఏడాది పొడుగునా దేవుడిలాగే పూజిస్తారు. ఆనాడు ఆ ముఖం ధరించే నటుడు ఉపవాసం వుండి, నియమంతో వస్తాడు. ముఖం తగిలించుకున్న తరువాత ఆయన ఆవేశం పట్టరానిది. ఇద్దరు ముగ్గురు ఆయన్ను పట్టుకునే వుంటారు. హిరణ్యకశిపుడికీ ఆయనకూ మధ్య ఎడం వుంచుతారు. సంహారం రంగం మీద చూపరు. వీధిలో కూర్చున్నవారందరూ లేచి నిలబడతారు, చేతులు జోడిస్తారు. ప్రేక్షకుడు భక్తుడిగా మారే ఆ క్షణానికి మన నగరాల నాటకశాలల్లో సాటి లేదు.

ప్రహ్లాద నాటకంతో పండుగ అయిపోదు. తరువాతి రాత్రులలో మిగిలిన నాటకాలు ఆడతారు. ఏ యేడు ఏవి ఆడేదీ మారుతూ వుంటుంది. హరిశ్చంద్ర నాటకం పెద్దది కాబట్టి రెండు భాగాలుగా ఆడుతారు. పక్కనే వున్న సాలియమంగళంలోనూ నరసింహ జయంతికి ప్రహ్లాద నాటకం వున్నది. అది పంచనద భాగవతులు రచించింది. ఒకే కథ రెండు ఊళ్ళలో రెండు బాణీలలో వినవచ్చు.

ఈ నటులంతా ఎవరు? ఇది వృత్తిగా బ్రతికేవారు కారు. బ్యాంకులలో, ఆఫీసులలో, కంపెనీలలో ఉద్యోగాలు చేసుకునేవారు. చెన్నైనుంచీ, బెంగుళూరునుంచీ సెలవు పెట్టుకుని వస్తారు. తాత వేసిన వేషం తండ్రి, తండ్రి వేసింది కొడుకు వేస్తారు. 1855లో తంజావూరు రాజ్యం పూర్తిగా అంతరించిన తరువాత పోషణ పోయింది. ఊళ్ళు ఖాళీ అయినవి. ఒకప్పుడు సూలమంగళం, ఊత్తుక్కాడు, నల్లూరు వంటి చుట్టుపట్ల ఊళ్ళలోనూ భాగవత మేళాలుండేవి. అక్కడ తెరలు దిగిపోయాయి. మెలట్టూరులోనూ దీపం కొండెక్కే స్థితి వచ్చింది. 20వ శతాబ్దిలో నటేశయ్యర్, బాలు భాగవతార్ వంటివారు దాన్ని ఆరిపోకుండా పట్టుకున్నారు. భరతనాట్యం కోసం పోరాడిన న్యాయవాది ఇ. కృష్ణయ్యర్ దీని గొప్పదనాన్ని బయటి ప్రపంచానికి చాటారు. కలాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి కొన్ని నాటకాలను తమ వేదిక మీదికి తెచ్చారు. ఇంతమంది పూనుకుంటేగాని మిగలలేదది.

వెళ్ళేవారికి రెండు మాటలు. నరసింహ జయంతి సాధారణంగా ఏప్రిల్ ఆఖరునో మే నెలలోనో వస్తుంది. పంచాంగం చూసుకుని ముందే రైలు టిక్కెట్లు కొనుక్కోవాలి. తంజావూరులో బస పెట్టుకుని సాయంత్రానికి మెలట్టూరు చేరుకోవచ్చు. నాటకానికి టిక్కెట్టు లేదు. ఒక దుప్పటి, పిల్లలకు తలదిండు, మంచినీళ్ళు, మధ్యరాత్రి ఆకలికి ఏదైనా పట్టుకెళ్ళండి. మధ్యాహ్నం నిద్రపోవడం మరవకండి. పగటిపూట తంజావూరు పెద్ద కోవెల సరే. సరస్వతీ మహలు గ్రంథాలయం కూడా తప్పక చూడండి. తమిళదేశం నడిబొడ్డున అన్ని తెలుగు తాళపత్రాలు వున్నవని తెలిస్తే పిల్లల కళ్ళు విప్పారుతాయి. త్యాగరాజస్వామి సమాధి వున్న తిరువయ్యారు తంజావూరుకు దగ్గరే. కావేరి గట్టున సాయంత్రం కాసేపు కూర్చోవచ్చు.

ఇంతా చెప్పి, నాకు జరిగిన సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

నేను అక్కడికి కొంచెం దర్జాగానే వెళ్ళాను. తెలుగు ఎం. ఏ. చదివి, కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి గదా! వీళ్ళు మన భాషలో ఆడుతున్నారు, మనం విని తప్పొప్పులు చూద్దామన్నది లోలోపలి ఉద్దేశం. నా పక్కన చాప మీద ఒక ముసలావిడ కూర్చున్నది. ప్రతి ఘట్టానికీ ముందు, రాబోయేదేమిటో తమిళంలో నాకు చెవిలో చెబుతున్నది. నాకు వచ్చిన తమిళం కొద్దిపాటిదే. నేను తెలుగు మేష్టరునని తెలిసి ఆవిడ ఎక్కడలేని సంబరంతో మనమణ్ణి పిలిచింది. పన్నెండేళ్ళ కుర్రవాడు. వేషాలు నేర్చుకుంటున్నాడట. వాడి చేతిలో ఒక నోటుపుస్తకం. అందులో తెలుగు మాటలు తమిళ లిపిలో రాసుకున్నాడు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని అక్షరాల మీద 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకున్నాడు. ఒకటి అయితే క, నాలుగు అయితే ఘ.

చదవమన్నాను. చదివాడు. ఒత్తు అక్షరాలు ఒక్కటీ జారిపోలేదు. మా క్లాసులో తెలుగు ఇళ్ళలో పుట్టిన పిల్లలు 'భాష'ను 'బాస' అంటుంటే దిద్ది దిద్ది విసిగిపోయిన చెవులు నావి. ఆ రాత్రి వాటికి విందయింది. వాడు పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి అర్థమడిగాడు. ప్రబంధాల్లో చదివిన మాటే, నిఘంటువులో చూసిన మాటే. అయినా వెంటనే తట్టలేదు. తడబడి, ఆలోచించి చెప్పాను. వాడు శ్రద్ధగా పక్కన తమిళంలో రాసుకున్నాడు. తప్పొప్పులు చూద్దామని వెళ్ళినవాడి పరీక్ష అలా అయింది.

తరువాత వాడు ఇంకొక ప్రశ్న వేశాడు. "మీ ఊళ్ళో ఈ నాటకం ఎప్పుడు ఆడతారు?"

వాడి దృష్టిలో అది చాలా సహజమైన ప్రశ్న. భాష మీది, కనుక నాటకం మీ ఊళ్ళో ఇంకా ఘనంగా ఆడుతూ వుండాలి. నా చిన్నప్పుడు మా ఊరి రావిచెట్టు కింద వీధి భాగవతం ఆడిన గుర్తు లీలగా వున్నది. ఆ మేళం ఏమైపోయిందో నేనెన్నడూ వాకబు చేయలేదు. ఆ పాటల పుస్తకాలు ఎవరి అటక మీద వున్నాయో, చెదలు తిన్నాయో తెలియదు. "మా ఊళ్ళో ఆడరు" అన్నాను.

వాడు కాసేపు నా ముఖం చూశాడు. జాలిపడ్డాడో ఏమో.

"పరవాలేదు, వచ్చే ఏడు మళ్ళీ రండి. అప్పటికి నాకు వేషం ఇస్తామన్నారు," అన్నాడు.

వెళ్ళాలి. ఈసారి వెళ్ళేముందు మా ఊరు వెళ్ళి, ఆ అటకలు ఒకసారి వెదకాలి. మీ ఊళ్ళోనూ అటువంటి అటక ఒకటి వుండే వుంటుంది, చూడండి.